తొమ్మిది మందైతే చాలు

అమెరికాలో ఐడహో కొండల్లోని మా చార్టర్ స్కూల్లో, అంటే మార్కులు బాగుంటేనే ప్రభుత్వం నడవనిచ్చే స్కూల్లో, మూడో తరగతి పిల్లలు పది మంది. తొమ్మిది మందే పరీక్ష రాస్తే, పదికి తక్కువని ఆ తరగతి మార్కుల్ని రాష్ట్రం వాళ్లు లెక్కలోకి తీసుకోరు. పది మందీ రాస్తే మార్కులు పడిపోయి స్కూలు మూతపడేలా ఉంది. అందుకే హెడ్మిస్ట్రెస్ లోర్నా ఆ పిల్లల్లో ఒక పాప తండ్రైన డ్వైట్ పశువుల కొట్టానికి వచ్చింది.

“రేపు పాపని ఇంట్లోనే ఉంచు డ్వైట్. జ్వరమని నేనే రాసుకొచ్చా. నువ్వు సంతకం పెడితే చాలు.”

డ్వైట్ అప్పుడే పుట్టిన దూడను గోనెపట్టాతో తుడుస్తున్నాడు. తలెత్తలేదు. “దానికి చదువు రాదనేగా?”

“ఒక్కరోజేగా! స్కూలు పోతే పిల్లలంతా అరవై మైళ్లు బస్సులో పోవాలి. నువ్వూ నా దగ్గర చదివినవాడివే. నీకు నేను చెప్పాలా?”

“అక్కర్లేదు టీచర్. పరీక్ష రోజు నన్నూ బస్సు కడగమని పంపేవారుగా.”

చేతులు ప్యాంటుకు తుడుచుకుని కాగితం అందుకున్నాడు.

“సంతకం ఎక్కడ పెట్టాలో వేలుపెట్టి చూపించండి. నాకు పేరు రాయడం ఒక్కటే వచ్చు. చదవడం రాదు.”

లోర్నా వేలుపెట్టి చూపించింది.