కెర్నల్‌లో కలుపుతీత

తీసెయ్యాల్సిన ఫంక్షన్లు రెండొందల పన్నెండు. ప్రతాప్ ఆ జాబితాను గోడ మీది పెద్ద తెర మీద వేసి, పెళ్లిచూపుల్లో పిల్లను చూపించినట్టు ఆఫీసంతటికీ చూపించాడు.

తిరుపతిలోని ఆ కంపెనీ పాల మిషన్లకు ఆపరేటింగ్ సిస్టం తయారుచేస్తుంది. పాకాల మొదలుకొని నగరి దాకా మూడొందల నలభై పాల కేంద్రాలు. క్యాన్లు మోసుకొచ్చే ఆడవాళ్ల పాలు తూచి, వెన్న శాతం చూసి, చీటీ ఇచ్చేది ఆ మిషనే. దాని లోపల కూర్చున్న పెద్ద దిక్కు పేరు కెర్నల్. పైన నడిచే ప్రోగ్రాములకు ఏ పని కావాలన్నా దాన్నే పిలవాలి. ఆ పిలుపులకు పలికేవే ఫంక్షన్లు. ఇరవై ఏళ్లుగా కొత్తవి చేరడమే తప్ప పాతది ఒక్కటీ పోలేదు.

ప్రతాప్ ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. చేరిన వారానికే, "ఇది కెర్నలా సార్, పాత ఇనప సామాన్ల అంగడా?" అన్నాడు. ఎండీ జయరామ్ నవ్వాడు. ఎండీ నవ్వితే అనుమతి ఇచ్చినట్టే. పని పూర్తిచేస్తే చీఫ్ కుర్చీ నీదేనన్న మాట కూడా ఆ నవ్వులోనే ఉందని ప్రతాప్ లెక్కగట్టుకున్నాడు.

అడ్డు ఒక్కడే, ఏకాంబరం. ఆ పాత ఫంక్షన్లలో సగం ఆయన రాసినవే. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది.

"లేసేటప్పుడు పిలిచేదాన్ని ఒక్కదాన్ని పొరపాటున పీకినా, ఆ మిషను పొద్దున్నే లేయదప్పా," అన్నాడు ఏకాంబరం. "మిషను లేయకపోతే వాళ్లు పాలు యాడ పోస్తారు? ఎండెక్కితే ఇరిగిపోతాయి."

"ఎవరూ పిలవని వాటినే తీస్తాం సార్. మీకెందుకు దిగులు?"

పద్ధతి పకడ్బందీగానే పెట్టాడు. ముందు జాబితాలోని ఫంక్షన్లకు 'పాతబడింది' అని ముద్ర వేస్తారు. అవి పనిచేస్తూనే ఉంటాయి. కానీ ఏ మిషనైనా వాటిలో ఒకదాన్ని పిలిస్తే ఆఫీసు తెర మీద ఎర్రగా ఫిర్యాదు పడాలి. తొంభై రోజులు చూస్తారు. ఒక్క ఫిర్యాదు పడినా ఏరివేత ఆపేస్తారు. పడకపోతే అన్నిటినీ తీసేస్తారు, ఏకాంబరాన్ని రెండేళ్లు ముందే ఇంటికి పంపేస్తారు. చివరి ముక్క కాగితం మీద రాయలేదు గానీ, క్యాంటీన్‌లో దోసెలు పోసేవాడికి కూడా తెలుసు.

"శాస్త్రానికి ఒక్కదాన్ని ఈపొద్దే తీసేద్దాం," అన్నాడు ప్రతాప్. "తాంబూలం ఇచ్చేది కూడా పెద్దోళ్లతోనే గదా మొదలు!"

అన్నిటికన్నా పాతదాన్ని ఎంచాడు. నలభై వరుసల ఫంక్షను. వివరం రాయాల్సిన చోట ఖాళీ. ఏకాంబరం తరంలో వివరాలు రాసేవాళ్లు కాదు, గుర్తుపెట్టుకునేవాళ్లు.

ఏకాంబరం లేచాడు. "దాన్ని మాత్రం వదిలెయ్యప్పా. ఇంగేదన్నా తీసుకో."

"ఏం సార్, అది మీ పెద్దకొడుకా?"

అందరూ నవ్వారు.

"రెండు నిమిషాలు ఇను, సెప్తా. అది ఏం సేస్తాదంటే..."

"రాసి లేని పని పనే కాదు సార్," అంటూ ప్రతాప్ మీట నొక్కేశాడు.

ఆ సాయంత్రమే, మిగతావాటికి ముద్రలు వేసిన కొత్త కెర్నల్ అన్ని మిషన్లకూ చేరింది. మర్నాడు ఒక్క మిషనూ ఆగలేదు. ఆడవాళ్లు పాలు పోశారు, చీటీలు తీసుకున్నారు, ఇళ్లకు పోయారు.

"చూసినారా సార్, భూమి ఏమన్నా కుంగిందా?" అన్నాడు ప్రతాప్.

ఏకాంబరం తన సీటుకు పోయాడు. కూర్చుని ఎండీకి మూడు పేజీల ఉత్తరం రాసి పంపాడు. పైనుంచి జవాబుగా ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది. చదివితే మూడు నిమిషాలు పట్టేది, జవాబు మూడు సెకన్లలో వచ్చింది.

తెర మీద మొదటి వారం ఫిర్యాదులు సున్నా. నెలకూ సున్నా. ప్రతాప్ నడకలో తేడా వచ్చింది. కాఫీ తాగుతూ కూడా ఒక కన్ను ఆ సున్నా మీదే, కన్నబిడ్డ మీద పెట్టినట్టు.

నలభయ్యో రోజున ఏకాంబరం మళ్లీ వచ్చాడు. "ఆపొద్దు తీసినావే, దాని సంగతి..."

"ఇంకా దాని మీదే ఉండారా సార్? పెద్దకర్మ కూడా అయిపోయిందే!"

ఆ తర్వాత ఏకాంబరం ఎవరికీ ఏమీ చెప్పబోలేదు.

తొంభయ్యో రోజూ సున్నాయే. మౌనం అర్ధాంగీకారమంటారు, ప్రతాప్ దాన్ని పూర్తి అంగీకారంగానే తీసుకున్నాడు. మీటింగు పెట్టారు. ఎండీ శాలువా కప్పాడు. చప్పట్ల మధ్య ప్రతాప్ మీట నొక్కితే మిగతా రెండొందల పదకొండూ ఒక్క దెబ్బకు పోయాయి. కొత్త కెర్నల్ మూడొందల నలభై మిషన్లకూ వెళ్లిపోయింది. మళ్లీ పాతది ఎక్కించాలంటే మనిషి పల్లెపల్లెకూ పోవాల్సిందే. రేపు తెల్లవారుజామున మిషన్లు దాంతోనే లేవాలి.

ఏకాంబరానికీ ఒక దండ వేసి, ఒక కవరు చేతిలో పెట్టారు. గెలిచినవాడికి మనసు పెద్దదవుతుంది. ప్రతాప్ ఆయన్ను బయటి గేటు దాకా సాగనంపాడు.

"ఇప్పుడు చెప్పండి సార్, ఇంటాను. తొలిరోజు తీసేసినామే, అది అసలు ఏం పని చేసేది?"

ఏకాంబరం చెప్పులు వేసుకున్నాడు.

"మిషన్లు పెట్టే ఫిర్యాదును మన ఆఫీసు తెర దాకా మోసుకొచ్చేది అదొక్కటేనప్పా."