రెండో అంతస్తు పెళ్లికూతురు

"క్లర్కుగారికి అసలు కూతురే లేదటగా!"

మూడో అంతస్తులోని క్లాసుకి మెట్లెక్కుతూ, రెండో అంతస్తు మలుపులో లెక్కల టీచరు నిలదీసింది. చేతిలో నోటుపుస్తకాల కట్ట. మాటకీ మాటకీ మధ్య ఆయాసం.

వెనకే వస్తున్న సైన్సు టీచరు నాలుక్కరుచుకుంది. "ఆయన్నే అడిగేశారా అక్కా?"

"అడగనూ? ఆ పిల్ల ఇంకో సంబంధం తిరగ్గొట్టిందని మూడు నెలలుగా రోజూ ఇక్కడే ఆపి చెబుతున్నావుగా! పాపం తండ్రి ఎంత కుమిలిపోతున్నాడోనని పలకరించాను. 'నాకిద్దరూ మగపిల్లలే టీచర్' అన్నాడు. తల కొట్టేసినట్టయింది. ఎందుకే ఈ కట్టుకథలు?"

"ఊరికే ఆగమంటే మీరు ఆగుతారా? మొదట్లో ఒకసారి 'కాసేపు ఆగుదాం అక్కా' అన్నాను. 'నేనేమైనా ముసలిదాన్నా' అని నా మీద ఇంతెత్తున లేచారు. తీరా పైకెళ్లి పది నిమిషాలు బల్ల పట్టుకుని నిలబడ్డారు. అదే పెళ్లి కబురైతే, పూర్తయ్యేదాకా అడుగు తీసి అడుగు వెయ్యరు."

 మెట్లెక్కడం మానొద్దనీ, మధ్యలో ఆగి ఎక్కమనీ లెక్కల టీచరుకి డాక్టరు చెప్పాడు. ఆ సంగతి ఆమె ఇంట్లో కూడా చెప్పలేదు.

గంట మోగింది.

"పదండి అక్కా, పైన పిల్లలు గోల చేస్తున్నారు."

లెక్కల టీచరు కదల్లేదు. పుస్తకాల కట్ట కిటికీ గట్టు మీద పెట్టి, తాపీగా ఊపిరి పీల్చుకుంది.

"ఉండవే. నిన్న ఆ పిల్లకి మీసం నచ్చలేదన్నావే, ఆ అబ్బాయి గీయించుకొచ్చాడా లేదా?"