పైపైన కాలిందంతే

“పైపైన కాలిందంతేనండీ. ఈమాత్రానికి ఏలూరు దాకా రావాలా?” అన్నాడు రామలింగం.

ఈయనకి తాడేపల్లిగూడెం అవతల రైసుమిల్లుంది. ఫ్లెక్సీల మీద జనానికి దండం పెడతాడు. ఆ జనం నడిచే కాలవగట్టు మీదే బాయిలర్లో కాలిన ఊక బూడిద పోయిస్తాడు. పైకి చల్లగా కనిపిస్తుంది. లోపల నిప్పు రోజుల తరబడి రగులుతూనే ఉంటుంది.

పోయినేడు మిల్లు కూలీ సత్తిబాబు అందులో కాలేశాడు. అప్పుడూ ఇదే మాట. “పైపైదేరా, పనెగ్గొట్టడానికి వేషాలు!” అని ట్యూబు మందొకటి మొహాన కొట్టాడు. సత్తిబాబు ఈరోజుకీ కుంటుతున్నాడు. కూలోళ్ల పుండు లోతు ఈయనకి చూడకుండానే తెలిసిపోతుంది మరి!

నిన్న వీరదుర్గ మొత్తుకుంది. కుప్పలో ఇంకా నిప్పుందండీ, పిల్లలు తిరిగే దారండీ, తీయించండీ అని.

“ఎప్పుడో చల్లారింది. మిల్లు నీదా, నాదా?” అని ఎగిరాడు ఈ మహానుభావుడు. ఆ మాట నోట్లో ఉండగానే కాలు కాలింది.

ఇప్పుడు ఆస్పత్రిలో వీరదుర్గ మొహాన నెత్తురు చుక్క లేదు. “కాలు దక్కుద్దా డాక్టరమ్మా?”

“చూద్దాం.” డాక్టర్ నిహారిక చేతి నరంలోకి ఆకుపచ్చ రంగుమందు ఎక్కించింది. లైట్లు ఆర్పించి, కెమెరా కాలి మీదికి తిప్పింది. “నెత్తురాడే చోట తెల్లగా వెలుగుతుంది. అది దానంతటదే మానుతుంది. నల్లగా ఉండిపోతే అక్కడ చర్మం చచ్చిపోయినట్టే.”

“ఈ మిషన్లన్నీ బిల్లు కోసమండీ,” రామలింగం విసుక్కున్నాడు. “నొప్పే లేదంటుంటే!”

“నా భయం అదేనండీ. నరాలే కాలిపోతే నొప్పెక్కడ తెలుస్తుంది?”

తెర మీద పిక్క వెలిగింది. చీలమండ సగం వెలిగింది. పాదం మొత్తం నల్లగా ఉండిపోయింది.



“రేపే ఆపరేషన్. చచ్చిన చర్మం తీసేసి తొడ మీది చర్మం తెచ్చి వెయ్యాలి. వేళ్లు ఉంటాయని మాత్రం మాటివ్వలేను,” అంది డాక్టర్.

గుమ్మంలోంచి సత్తిబాబు అడిగాడు. “ట్యూబు మందు సరిపోదాండీ?”

నిన్న పెళ్లాం వీరదుర్గ మాట కాదని, జనం ముందు బూడిద చల్లారిందని రుజువు చెయ్యడానికి, చెప్పు విప్పి కుప్పలో కాలు దించింది రామలింగమే.