నలభై ఒకటో గెలాక్సీ

"చీరలొద్దమ్మా, స్టాఫ్ రూముకెళ్ళండి!"

దేవకుమారి కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే కసిరింది.

"మేడమ్ గారండీ, నేను..."

"వద్దన్నానా!"

గుమ్మంలో ఆవిడ కదల్లేదు. యాభై ఏళ్ళుంటాయి. చంకలో గుడ్డసంచి, అందులోంచి జరీ అంచు.

కాకినాడలో ఆ కాలేజీ ఫిజిక్స్ డిపార్టుమెంటుకి చీరలవాళ్ళు రావడం కొత్తేం కాదు. కానీ ఇవాళే రావాలా?

సాయంత్రం ఐదింటికి జర్నల్‌కి రీసెర్చ్ పేపర్ పంపే గడువు. మరుగుజ్జు గెలాక్సీల నడుమ మేలుకుని ఉన్న కృష్ణబిలాల మీద ఆరేళ్ళ చాకిరీ. పేపర్లో ప్రాణమంతా నలభై ఒకటో గెలాక్సీదే. అంత బుల్లిదాంట్లో కృష్ణబిలం ఉందని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

దాన్ని మొదట పట్టింది దేవకుమారి కాదు. ప్రాజెక్టు వెబ్‌సైట్లో గెలాక్సీల కాంతి గీతల గ్రాఫులు సరదాగా చూసిపెట్టే వాలంటీర్లలో ఒకరు, నంబరు 2207. వేల గ్రాఫుల్లోంచి దాన్ని ఏరి, "ఇందులో ఉంది" అని టిక్కు పెట్టి ఊరుకున్నారు.

తర్వాత ఎక్స్‌రే లెక్కలూ ఔననే అన్నాయి. కానీ గ్రాఫులో ఆ గుర్తు ఎక్కడుందో దేవకుమారికి కనపడి చస్తేగా!

జర్నల్ వాళ్ళు అక్కడే పట్టుకున్నారు. గుర్తు చూపించండి, లేదంటే తీసేయండి.

2207కి వెబ్‌సైట్ ద్వారా నాలుగు మెయిళ్ళు రాసింది. డియర్ సర్ అని మూడుసార్లు, డియర్ ప్రొఫెసర్ అని ఒకసారి. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఏ జర్మనీలోనో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు కాబోలు మహానుభావుడు!

"ఒక్క నిమిషం ఈ నేత చూడండి మేడమ్ గారండీ. మీకే తెలుస్తుందండి."

ఆవిడ అప్పుడే బల్ల దాకా వచ్చేసి, కాగితాల మీద చీర మడత విప్పేసింది.

"ఖర్మ! అవి నా కాగితాలమ్మా!"

"ఇదిగోనండి, ఈ గీత. పైన సన్నంగా ఉందా? అడుగున చూడండి, అటూ ఇటూ పల్చగా పరుచుకుంది. ఎదురుగా చూస్తే కనపడదండి. ఓరగా చూడాలి."

"బాగుందమ్మా, చాలా బాగుంది. నాకొద్దు."

ఆవిడ వేలు చీర మీంచి కంప్యూటర్ స్క్రీన్ వైపు వెళ్ళింది.

"ముట్టుకోకండి! విజయ్ పాల్ గారూ! ఎవర్ని పడితే వాళ్ళని పంపేయడమేనా?"

వాచ్‌మన్ పరుగున వచ్చాడు.

ఆవిడ మొహం చిన్నబోయింది. చీర మడత పెట్టుకుంది.

"పనిలో ఉన్నారు కదండి. తప్పు నాదేనండి."

వెళ్ళిపోయింది.

ఐదుకి పది నిమిషాలు. మెయిల్ చూసింది. ఏమీ లేదు. మళ్ళీ చూసింది. ఏడుపొచ్చింది.

నలభై ఒకటో గెలాక్సీని పేపర్లోంచి తీసేసి, పంపించేసింది.

గేటు దగ్గర విజయ్ పాల్ మీద ఉన్న కోపమంతా వెళ్ళగక్కింది.

"అమ్మేవాళ్ళని రానివ్వద్దని మీకెన్నిసార్లు చెప్పాలండీ?"

"అమ్మడానికి కాదన్నారండి. రిజిస్టర్లో రాయించుకునే పంపానండి. పాపం, మీ క్లాసు అయ్యేదాకా రెండు గంటలు ఇక్కడే కూర్చున్నారు."

రిజిస్టర్ ఆమె వైపు తిప్పాడు.

పేరు తలుపులమ్మ, ఊరు ఉప్పాడ అని గుండ్రటి తెలుగు అక్షరాలు.

వచ్చిన పని అన్న గడి చాలక, పక్క గడిలోకి కూడా రాసిందావిడ: "2207 నంబరుకి మేడమ్ గారు ఇంగ్లీషులో రాసిన నాలుగు ఉత్తరాలకి జవాబు చూపించడానికి."