ఎర్మెస్ తాళంచెవి

ఎర్మెస్ కోటు జేబులో దొరికిన తాళంచెవి ఇంట్లో ఏ తాళానికీ పట్టలేదు.

అరచేయంత ఇనప తాళంచెవి. దానితోపాటు చప్పరింపు బిళ్ళలు చుట్టిన కాగితాలు, ఊదారంగువి. ఇంకా వయొలెట్ పూల వాసన వేస్తున్నాయి.

జెలిందా గదుల తలుపులూ, బీరువాలూ, ఆఖరికి బొగ్గులకొట్టు కూడా ప్రయత్నించి చూసి, కుర్చీలో కూలబడింది. మొగుడు పోయి నెలైనా ఆమెకి కన్నీటిచుక్క రాలేదు. ఇప్పుడూ రాలేదు. ఈ తాళంచెవి ఏ ఇంటిదో తెలిస్తేగానీ పోయినవాడి కోసం ఏడవాలో, వాణ్ణి తిట్టాలో తేలదు.

ఎర్మెస్ ఆమె లేకుండా వెళ్ళేది ఒక్క చోటికే. ఆదివారం మధ్యాహ్నం ఒపేరాకి, అదే, పాటల నాటకానికి.

"నీకు నిద్రొస్తుందే అక్కడ" అనేవాడు.

ఆ ఆదివారం అతని సీజను టికెట్టు పట్టుకుని ఆమే బయల్దేరింది.

పై గ్యాలరీలో, కప్పుకి తల తగిలేంత ఎత్తున, చెక్కబల్లలు. ఇటలీలో ఆ పార్మా ఊరి జనం పన్నులు ఎగ్గొట్టినవాణ్ణయినా క్షమిస్తారు గానీ అపస్వరం పాడినవాణ్ణి క్షమించరు. అందులోనూ ఆ గ్యాలరీ జనం మరీను.

ఎర్మెస్ చోటు పక్కన నల్లకోటు ముసలావిడ ఒకతె కూర్చుని ఉంది.

"అది ఎర్మెస్ గారి చోటమ్మా" అంది.

"నేనాయన భార్యని."

"ఆయన రాలేదా?"

"పోయాడు. నెలైంది."

ముసలావిడ సంచీలోంచి ఊదారంగు కాగితం చుట్టిన బిళ్ళ తీసి చాపింది.

"తీసుకో తల్లీ. ఆయనకి ఇవంటే ఇష్టం."

వయొలెట్ వాసన గుప్పుమంది.

దొరికావు, అనుకుంది జెలిందా. కోపం రావాల్సింది. అదీ రాలేదు.

"నాకొద్దు."

తెర లేచింది. ఓ కొత్తమ్మాయి పాడుతోంది. జెలిందాకి ఒక్క ముక్కా తలకెక్కలేదు. అమ్మాయి ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టింది.

"ఎవరండీ ఆవిడ? పెళ్ళికొచ్చాననుకుందా?" వెనకనుంచి ఎవరో అరిచారు. గ్యాలరీ అంతా నవ్వింది.

పక్కనున్న ముసలావిడ తనూ రెండు చప్పట్లు కొట్టింది, నవ్వులో తన వాటా తీసుకుంటున్నట్టు.

విరామంలో జెలిందా తాళంచెవి తీసి ఆవిడ ముందు పెట్టింది.

"ఇది మీ ఇంటిదేనా?"

ముసలావిడ మొహం పాలిపోయింది.

"కాదు తల్లీ. దాన్ని లోపల పెట్టుకో. బయటికి తియ్యకు."

అంతలో వెనకబల్ల మీంచి ఎర్మెస్ స్నేహితుడు, మాంసం కొట్టు ఒరెస్తే, తల ముందుకు చాపాడు.

"వదినా, నువ్వా! ఓహో, ఎర్మెస్ తాళంచెవే! అది ఏ తలుపుదీ కాదు వదినా. చూడు, లోపలంతా బోలు. అపస్వరం పడగానే ఇలా పెదవికి ఆనించి ఊదావంటే హాలంతా అదిరిపోతుంది. వయసులో ఉండగా ఓ కొత్తమ్మాయిని ఒక్క ఈలతో ఊరొదిలించి రైలెక్కించాడు మనవాడు. మళ్ళీ ఆ పిల్ల ఏ స్టేజీ మీదా కనబడితే ఒట్టు! ఈమధ్యే చల్లబడ్డాడు."

తాళంచెవి సంగతి తేలింది. బిళ్ళల సంగతి తేలలేదు.

మళ్ళీ తెర లేచింది. పాట పైకి, ఇంకా పైకి వెళుతోంది. ముసలావిడ బిళ్ళ కాగితం విప్పి జెలిందా చేతిలో కుక్కింది.

"ఇప్పుడే నోట్లో వేసుకో తల్లీ. నా మాట విను."

జెలిందా దాన్ని నేలమీద పడేసింది.

సరిగ్గా అప్పుడే అమ్మాయి గొంతు చీలింది.

గ్యాలరీ గొణిగింది.

"ఊదు వదినా! మనవాడి పేరు నిలబెట్టు!" అన్నాడు ఒరెస్తే. మొహాలన్నీ జెలిందా వైపు తిరిగాయి.

ముసలావిడ ఆమె మణికట్టు పట్టుకుంది. "వద్దమ్మా. చిన్నపిల్ల."

ఆ అమ్మాయి బాగా పాడిందో లేదో జెలిందాకి తెలియదు. పక్కనున్న మనిషి వద్దంటోంది, అంతే తెలుసు. చెయ్యి విదిలించుకుని ఊదింది.

ఈల హాలంతా కోసుకుంటూ వెళ్ళింది. దాని వెనకే ఇంకో ఇరవై ఈలలు. అమ్మాయి చేతులు వేలాడేసి పైకి చూస్తూ నిలబడిపోయింది. ఎవరో తెర దించేశారు.

ముసలావిడ కోటు గుండీలు పెట్టుకుంది. నెమ్మదిగా మెట్లు దిగి వెళ్ళిపోయింది. బిళ్ళల పొట్లం బల్లమీదే ఉండిపోయింది.

పొట్లం ఆవిడ మొహాన కొడదామని జెలిందా వెనకే దిగింది. తలుపు దగ్గర టికెట్లు చూసే నివెస్ తప్ప ఎవరూ లేరు.

"ఆ నల్లకోటావిడ ఎటు వెళ్ళింది? మా ఆయనతో దానికి ఎన్నాళ్ళ నుంచి?"

నివెస్ నోరు తెరిచి చూసింది.

"పాపం తగులుతుందమ్మా! ఆయనకి ఆవిడ పేరైనా తెలీదు. కొత్తమ్మాయిలు పాడే రోజుల్లోనే వస్తుంది. పక్కన కూచుని, కష్టమైన పాట రాగానే ఆయనకో బిళ్ళ ఇస్తుంది. నోట్లో బిళ్ళుంటే ఈల ఎలా వేస్తారు?"

జెలిందా చేతిలోని పొట్లం వైపు చూసింది. ఓ బిళ్ళ తీసి నోట్లో వేసుకుంది. తీపి తెలియలేదు.

"ఆ కొత్తమ్మాయిలు ఆవిడకి ఏమవుతారు?"

"ఏమీ కారు."

"మరెందుకు?"

నివెస్ ఆమె రెండో చేతిలోని తాళంచెవి వైపు చూసి గొంతు తగ్గించింది.

"ఆయన ఈలకి రైలెక్కిన అమ్మాయి ఆవిడేగా."