గోడవతలి దగ్గు

పొద్దున్నే గోడవతల దగ్గు వినబడితే మానసకు ప్రాణం లేచొచ్చేది.

“జములవ్వా, లేచినవా?”

“లేవక ఏం జేస్త బిడ్డా? నీ మొగడు లేచిండా?”

“ఆయన అచ్చంపేట దిక్కు టవరెక్కిండు. శనివారం దాకా రాడు.”

“గా టవర్‌నే పెండ్లి చేస్కునేదుండె గదనే!”

ఇద్దరూ నవ్వేవారు. అవ్వ నవ్వు సగంలోనే దగ్గయిపోయేది.

గద్వాలలో ఆ ఇల్లు నిజానికి ఒక్కటే. ఓనర్ చిన్నయ్య నడుమ గోడ పెట్టి రెండు పోర్షన్లు చేశాడు. గోడను పైరేకుల దాకా లేపలేదు. జానెడు సందు వదిలేశాడు. ఆ సందులోంచే మాటలు అటూ ఇటూ నడిచేవి.

మానస డిగ్రీ చదివింది. ఈ ఊళ్లో ఆమెకు తెలిసినవాళ్లు లేరు. కాళ్ల పారాణి ఆరకముందే రంజిత్ సెల్ టవర్ల రిపేర్లకని ఊళ్లు పట్టుకు తిరగడం మొదలైంది. అవతల జములమ్మకైతే ఎదురుచూడటానికి కూడా ఎవరూ లేరు. మగ్గం నేసే పెనిమిటి ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. నేత చీరలకు రాట్నం మీద నూలు కండెలు చుట్టుకుంటూ బతుకుతోంది.

అయినా మానసకు సంబరాలకు కొదవ లేదు. కుక్కర్ మొదటి కూత సంబరం. అద్దం మీద అంటించిన బొట్టుబిళ్ల సంబరం. సాయంత్రమైతే మొహం కడుక్కుని, మల్లెపూలు పెట్టుకుని, అమ్మ ఇచ్చిన ఇత్తడి గిన్నెలో సాంబ్రాణి వేసి, దేవుడి పటం ముందు కూర్చుని పాడుకునేది. వినే మొగుడు లేడు కదాని మధ్యలో ఆపితే, అవతల నుంచి వెంటనే అవ్వ గొంతు.

“ఏందే, ఆపినవ్?”

“నువ్వు ఇంటున్నవా?”

“చెవులున్నయి గదా!”

వానలు మొదలయ్యే ముందు చిన్నయ్య ఇటుకలు పట్టుకొచ్చాడు.

“అవ్వా, గా సందు మూసేస్త. తేళ్లు తిరుగుతున్నయి.”

“కుడితే నన్నే గదా కుడతది, నీకేంది? జర గాలాడనియ్యి.”

చిన్నయ్య గొణుక్కుంటూ ఇటుకలు వెనక్కి మోసుకుపోయాడు. ఇవతల మానస హమ్మయ్య అనుకుని నవ్వుకుంది.

కానీ దగ్గు ముదిరింది. రెండు మెట్లెక్కితే అవ్వకు ఆయాసం. లింగాల నుంచి ఆమె చెల్లెలి కొడుకు రాఘవేందర్ వచ్చి చూసి పరేషానయ్యాడు.

“గిట్లనే ఉంటే శ్రావణంల వచ్చి తీస్కపోత పెద్దమ్మా. ఒక్కదానివి ఈడ సస్తవా?”

ఆ మాట మానస గుండెలో ముల్లులా దిగింది. దగ్గు తగ్గకపోతే అవ్వ పోతుంది. అవ్వ పోతే గోడ ఒక్కటే మిగులుతుంది.

మరునాడే ఆటో ఎక్కించి దవాఖానకు తీసుకెళ్లింది.

“ఇంట్లో పొగ ఉందా?” డాక్టర్ అడిగాడు.

“కట్టెల పొయ్యి ఉంది సార్,” మానసే చెప్పింది.

“ముందు అది మాన్పించండి. నాలుగు గోడల మధ్య పొగ తిరిగితే ఊపిరితిత్తులు ఎట్ల తట్టుకుంటాయి? ఇంకేమైనా పొగ వస్తుందా?”

అవ్వ ఒకసారి మానస వైపు చూసింది.

“ఇంకేం లేదు సారూ.”

పెళ్లికి రెండు స్టవ్వులొచ్చాయి. ఒకటి తెచ్చి అవ్వ ఇంట్లో పెట్టింది మానస. చిన్న సిలిండర్ తెప్పించింది. పొయ్యి రాళ్లు తీసి పెరట్లో పారేసింది.

పొయ్యి పోయింది. దగ్గు పోలేదు. పగలంతా కాస్త నెమ్మదించి, పొద్దు వాలగానే మళ్లీ పట్టుకునేది.

“నూలు దుమ్మేమో అవ్వా,” అని మూతికి గుడ్డ కట్టించింది. అవ్వ కట్టుకుంది. అయినా అంతే. ఆ సాయంత్రం మానస ఇంకో రెండు సాంబ్రాణి పలుకులు ఎక్కువే వేసి, అవ్వను తనకు దూరం చేయొద్దని దేవుడికి మొక్కుకుంది.

ఇంతలో ఆషాఢం వచ్చింది. కొత్త పెళ్లికూతురు ఆ నెల మొగుడింట ఉండకూడదు. పుట్టిల్లు పెద్దమందడి నుంచి తమ్ముడొచ్చి తీసుకుపోయాడు. పుట్టింట్లో అందరూ ఉన్నారు. అయినా పొద్దున్నే మెలకువ రాగానే చెవులు గోడ వైపే వెతికేవి. అవ్వకు ఫోన్ లేదు.

శ్రావణం పెట్టగానే మానస గద్వాల బస్సు దిగింది. తాళం తీసి, చెవి రిక్కించింది.

దగ్గు లేదు.

“జములవ్వా!”

పలుకు లేదు.

రాఘవేందర్ తీసుకుపోయాడా? అంతకంటే చెడ్డ ఆలోచన వెనకే వచ్చింది. సంచీ అక్కడే పడేసి అవతలి వాకిట్లోకి పరుగెత్తింది.

రాట్నం గిరగిరా తిరుగుతోంది. ఆ చప్పుడులో అవ్వకు పిలుపు వినబడలేదంతే. మొహం తేటగా ఉంది. మానసను చూడగానే లేచి, గబగబా గడప దాకా నడిచొచ్చింది. ఆయాసం లేదు.

“వచ్చినవా బిడ్డా! ఇల్లు సప్పగైపాయె. రాఘవేందర్ నిన్ననే వచ్చి, నాకేం రోగం లేదని సూసి ఎనక్కి పాయె.”

అంత మాటా ఒక్క గుక్కలో చెప్పింది. మానస ఆమె చేతులు పట్టుకుని ఎగిరి గంతేసినంత పని చేసింది.

“దగ్గు ఏడబాయె అవ్వా? ఏం మందు తాగినవ్?”

అవ్వ తలెత్తి గోడ మీది సందు వైపు చూసింది. తప్పు చేసి దొరికిన చిన్నపిల్లలా నవ్వింది.

“మందేం లేదు బిడ్డా, నువ్వు లేక నీ సాంబ్రాణి పొగ గా సందులకెల్లి రాలె, ముందే చెప్తే సందు మూయిస్తవు, నీ పాట గూడ రాదని ఇన్ని దినాలు దగ్గుకుంటనే కూసున్న.”