దూడనాటి మూటలు

ఒక ఎద్దు మెడలో, నెత్తురు పారే సన్నటి కాలవ గట్టున, ఓ ముసలి కణం కాపురముండేది. ఎద్దు దూడగా ఉన్న రోజుల్లో ఆ గట్టుకు నెత్తురందని కణాల నుంచి చిట్టిచిట్టి మూటలు కొట్టుకొచ్చేవి. ఏది విప్పినా "ఊపిరాడటం లేదు, ఇటూ ఒక కాలవ తియ్యండి" అనే కబురే. ఎద్దు ఎదిగాక మూటలు ఆగిపోయాయి. ముసలి కణం ఆ సందడి తలుచుకుంటూ పొద్దుపుచ్చేది.

కొన్నాళ్లకు కాడి ఒరుసుకుని మెడ పుండుపడింది. ఒకనాడు పుండు వైపు నుంచి ఓ మూట వచ్చి ముసలి కణానికి తగిలింది.

"ఎవరిదో ఇంటి చెత్త, పెద్దమ్మా. ఇలాంటివి నా వైపు వస్తే ఎప్పటికప్పుడు కాలవలోకి తోసేస్తా," అంది పక్క కణం. కణాలు చెత్తనూ అలాగే మూటగట్టి పారేస్తాయి మరి.

ముసలి కణం మూట విప్పింది. దూడనాటి వాసన గుప్పుమంది. అదే కబురు.

వెంటనే లేచి పుండు వైపు పాకింది. ఆవిడ వెనకాలే ఇరుగుపొరుగు, వాళ్ల వెనకాలే కొత్త కాలవలో నెత్తురు. అక్కడ సొమ్మసిల్లిన కండ కణం మెల్లగా కళ్లు తెరిచింది.

"ఇన్ని మూటలు పంపాను. ఇన్నాళ్లూ ఒక్కరూ రాలేదేం?"

మూటలు రావడమే మానేశాయనుకున్న ముసలి కణం పక్కకి చూసింది. పక్క కణం తల దించుకుంది.